ఎనిమిది పిన్నుల దగ్గర ఆగి చూడు

చిరంజీవి చిన్నమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

నీ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు కోసం పాత 450 వాట్ల పవర్ సప్లై, అంటే లోపలి భాగాలకు కరెంటు పంచే డబ్బా, తీసేసి 650 వాట్లది పెట్టావట. అప్పటి నుంచి బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్కసారి అదిరి ఆగిపోతోందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కొత్త మదర్‌బోర్డు ఎంతవుతుందని కూడా అడిగాడు. ఆ మాట ఇప్పుడు ఎత్తొద్దమ్మా. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రిపేరు బల్ల ముందు ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. పవర్ సప్లై మార్చగానే మొరాయించిన సిస్టమ్‌లు చాలా చూశాను. వాటిలో ఎక్కువ వాటికి ఏదీ కాలిపోలేదు. నిన్నటిదాకా నడిచిన బోర్డు ఈ రోజు ఊరికే పోదు. నీ చెయ్యి ఎక్కడెక్కడ తగిలిందో ముందు అక్కడ వెతకాలి.

ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకో. కేసు ఇనుప రేకును ఒకసారి ముట్టుకుని, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టు. పవర్ సప్లై డబ్బా మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసేసినా కరెంటు నిల్వ ఉంచే దాని కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ఫ్యాన్ అదిరిందంటే నాకు ధైర్యంగానే ఉంది. గోడ సాకెట్, డబ్బా వెనక స్విచ్, ముందు బటన్ మూడూ పనిచేస్తున్నట్టే. ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ పేపర్ క్లిప్‌తో కలిపే పరీక్ష వీడియోల్లో చూసే ఉంటావు. ఉలుకూ పలుకూ లేని సిస్టమ్‌కు అది ఉపయోగం, నీకు అవసరం లేదు. నీ పవర్ సప్లై లేవబోతోంది, ఎక్కడో షార్ట్ తగలగానే తనంతట తానే ఆగిపోతోంది.

నా మొదటి అనుమానం ప్రాసెసర్ పక్కనున్న ఎనిమిది పిన్నుల సాకెట్ మీద. బోర్డుకు 24 పిన్నుల పెద్ద వైరు ఒక్కటే చాలదు, ప్రాసెసర్‌కు విడిగా ఇక్కడి నుంచే కరెంటు వెళ్లాలి. దాన్ని పెట్టడం మర్చిపోతే సాధారణంగా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. నీది అలా లేదు, అందుకే అక్కడ తప్పు వైరు పెట్టావేమోనని నా అనుమానం. గ్రాఫిక్స్ కార్డు వైరుకూ ఎనిమిది పిన్నులే ఉంటాయి, చూడటానికి రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. కానీ ఒకదాంట్లో 12 వోల్టులు వచ్చే వరసలో రెండోదానికి గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, వస్తుంది. తప్పు వైరు దూరకుండా పిన్నుల ఆకారాలు వేరుగానే చేశారు. అయినా బలం పెట్టి నొక్కితే దూరిపోతుంది, దూరితే షార్టే. చివర పట్టుకుని చూడు. నాలుగు, నాలుగుగా విడిపోయేది ప్రాసెసర్‌ది. ఆరు, రెండుగా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది. పెట్టేటప్పుడు కష్టంగా దూరిందా? గుర్తు చేసుకో.

ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు. పాతదానికీ ఊడే వైర్లే కదా, వాటిలో ఏదైనా కేసులోనే వదిలేసి కొత్త డబ్బాకు తగిలించావా? హార్డ్ డిస్కు వైపు చివర అన్నిటికీ ఒకటే. పవర్ సప్లై వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీకీ కంపెనీకీ మారుతుంది, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కూ మోడల్‌కూ మారుతుంది. నేను బల్ల ముందు కూర్చున్న తొలి రోజుల్లో ఈ తప్పు నేనే చేశాను. పాత వైరు బాగానే ఉంది కదా అని కొత్తదానికి గుచ్చాను. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లాయి. ఒక లెక్చరర్‌గారి నాలుగేళ్ల పరిశోధన ఉన్న డిస్కు నా కళ్ల ముందే పొగ వదిలింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, దాన్ని కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచీ పవర్ సప్లైతో పాటు దాని వైర్లన్నీ తీసి ఒకే కవర్లో కట్టేస్తాను. నీకూ అదే చెబుతున్నాను. పాత వైరు ఒక్కటున్నా తీసెయ్, అప్పటిదాకా స్విచ్ వెయ్యకు.

ఈ రెండూ సరిగ్గానే ఉంటే గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు అన్నీ తీసేసి బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక ర్యామ్ మాత్రం ఉంచి స్విచ్ వెయ్. ఆగకుండా నడిస్తే మళ్లీ ఆపి, ప్లగ్ పీకి, ఒక్కోటీ పెడుతూ చూడు. ఏది పెట్టగానే ఆగిందో తప్పు అక్కడుంది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ లేకపోతే కార్డు తీశాక స్క్రీన్ మీద ఏమీ రాదు, దానికి కంగారుపడకు. కేసును మెల్లగా వంచి చూడు, స్క్రూ ఏదైనా బోర్డు కిందికి జారి ఉంటే గలగలమంటుంది.

అప్పటికీ ఆగిపోతుంటే, గ్రాఫిక్స్ కార్డు లేకుండానే పాత పవర్ సప్లైని దాని సొంత వైర్లతో పెట్టు. సిస్టమ్ లేచిందంటే లోపం కొత్త డబ్బాదే. సీలు చింపకుండా బిల్లుతో సహా షాపుకు తీసుకెళ్లు, మార్చి ఇస్తారు. పాతదానితోనూ లేవకపోతే అప్పుడు బోర్డు గురించి మాట్లాడదాం, అదీ నేను చూశాకే.

ముందు లోపలి వైర్లేవీ పీకకుండా ప్రాసెసర్ పక్క సాకెట్‌కూ, పవర్ సప్లై వైపు చివరలకూ దగ్గర నుంచి ఫోటోలు తీసి పంపు. రాత్రి ఎంత ఆలస్యమైనా చూస్తాను.

ప్రేమతో,
పెదనాన్న