ఎక్స్ ఎదురుపడితే మనకెందుకు టెన్షన్?

ప్రశ్న: మారతహళ్లిలో ఉంటాం. ఆఫీసు నుంచి వచ్చాక నేనూ మా రూమ్మేటూ కలిసి ‘అవర్ బిలవ్డ్ సమ్మర్’ అనే కొరియన్ సీరియల్ చూశాం. విడిపోయిన ఇద్దరూ ఊరికే పక్కపక్కన కూర్చున్నా మాకు గుండె దడ. అదే ఊరెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని చూసే తెలుగు సీరియల్లో హీరోకి పాత ప్రేయసి ఎదురుపడితే మాత్రం నవ్వొస్తోంది. తేడా నటనలోనా?
- ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: నటన కొంత, రాత ఎక్కువ. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. అది 2021 డిసెంబరులో మొదలై 2022 జనవరిలో అయిపోయిన 16 ఎపిసోడ్ల సీరియల్. క్లాసులో ఫస్టొచ్చే అమ్మాయినీ లాస్టొచ్చే అబ్బాయినీ పక్కపక్కన కూర్చోబెట్టి హైస్కూల్లో డాక్యుమెంటరీ తీస్తారు. తర్వాత వాళ్లు ప్రేమించుకుంటారు, విడిపోతారు. ఏళ్లు గడిచాక ఆ పాత వీడియో వైరల్ అయ్యేసరికి, ఆ ఇద్దరితోనే ఇంకో డాక్యుమెంటరీ తీస్తామని వస్తారు.

రచయిత్రి తెలివంతా అక్కడే ఉంది. విడిపోయినవాళ్లు ఎదురుపడితే ముందు నోటికొచ్చే మాట ‘ఎందుకు వదిలేశావ్’ అనే కదా, కానీ చొక్కాకి మైకు తగిలించి ఎదురుగా కెమెరా తిప్పుతుంటే ఎలా అడుగుతారు? పైగా ఆ కెమెరా వెనకున్నవాడు అబ్బాయికి చిన్ననాటి స్నేహితుడు, అతనికీ లోపల్లోపల ఆ అమ్మాయంటే ఇష్టం. ముగ్గురూ నోరు మెదపలేని పరిస్థితి, మనకేమో ముగ్గురి సంగతీ తెలుసు. దడ రాక ఏమవుతుంది!

ఇంకోటి, అక్కడ విలన్ లేడు. నానమ్మ పెంచిన పిల్ల, ఇంటి అప్పులు మీద పడ్డాయి, ఆ మాట అతనితో చెప్పుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది, కారణం చెప్పకుండానే వదిలేసింది. హోటళ్లున్న ఇంట్లో పెరిగిన అతనికి అదెలా తడుతుంది? ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్లదే న్యాయం అనిపిస్తుంది. మన సీరియల్లో అయితే అత్తో మరదలో ఉత్తరం దాచేస్తుంది, ఫోన్ స్విచాఫ్ చేస్తుంది. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే గొడవ నెలల తరబడి సాగుతుంది. మన కోపమంతా ఆ దాచినామె మీదికి పోతుంది, ఇక ప్రేమికుల మధ్య మిగిలేదేముంది?

అలాగని రాసేవాళ్లను తిట్టీ లాభం లేదు. రోజూ అరగంట నింపాలి, ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగ్ వారం వారం చూసుకోవాలి. సీన్‌కి రేటింగ్ బాగా వచ్చిందంటే ఆ ఎదురుపడడాన్నే ఇంకో వారం లాగుతారు, ముఖాన్ని మూడుసార్లు చూపించి ఉరుము సౌండేస్తారు. పైగా తెలుగు సీరియళ్లలో హీరోహీరోయిన్లు చాలామంది మీ బెంగళూరు నుంచి వచ్చిన కన్నడవాళ్లే, కొందరికి గొంతు వేరేవాళ్లు ఇస్తారు. ఇలాంటి సీన్లో సగం పని చేసేది గొంతు. ముఖం ఒకరిది, వణుకు ఇంకొకరిదీ అయితే అతకడం కష్టం. (తెలుగు నేర్చుకుని సొంత గొంతుతో చెబుతున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకో దండం.)

ప్రశ్న: ప్రతి సీరియల్లోనూ కొత్త ఆఫీసులో బాస్‌గా ఎక్సే ఎందుకు దొరుకుతాడు?
- ఓ పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: లేచి వెళ్లిపోవడానికి వీల్లేకుండా. కాఫీ షాపులో కనిపిస్తే బిల్లు కట్టి వెళ్లిపోవచ్చు, నోటీస్ పీరియడ్ ఉన్నచోట అది కుదరదు. మీ ఆఫీసులో అలాంటిదేమైనా జరిగి అడుగుతున్నారా ఏంటి?

ప్రశ్న: ఇలాంటి సీన్లకు నేను ఏడిస్తే మా ఆయన “ఎవరు గుర్తొచ్చారేంటి” అంటున్నారు. సరదాకో, నిజంగానో తెలియడం లేదు.
- ఓ పాఠకురాలు, హొరమావు

జవాబు: గుర్తొచ్చినా తప్పేం లేదమ్మా, ఆ సంగతి అలా ఉంచండి. ఏడుపొచ్చేది ఎవరో గుర్తొచ్చే అనుకోనక్కర్లేదు. చెప్పాల్సిన మాట చెప్పకుండా మింగేయడం ఎవరికి తెలియదు, ఇంట్లో రోజూ జరిగేదే. మళ్లీ అలా అన్నారంటే దెబ్బలాడకండి, పక్కన కూర్చోబెట్టుకుని పైన చెప్పిన కొరియన్ సీరియల్ మొదటి నుంచీ చూపించండి. నాలుగైదు ఎపిసోడ్లు అయ్యేసరికి “ఆ పిల్ల చెప్పేయొచ్చుగా!” అని ఆయనే టీవీ మీద అరవకపోతే నాకు ఉత్తరం రాయండి.