జవాబు: ఒకే మాట రెండుచోట్ల ఉంటే హిల్లేలు సూత్రం పనిచేసినట్టేనా?

ఒకే మాట రెండు వచనాల్లో ఉంటే చాలు, యూదు ధర్మశాస్త్ర గురువు హిల్లేలు సూత్రం పనిచేసినట్టే అన్నారు మీరు. అంత సులువు కాదండీ. మీ లెక్కన ఏ రెండు వచనాలనైనా ముడిపెట్టేయొచ్చు, చిక్కంతా అక్కడే.

బైబిలులో సంఖ్యాకాండం 9:2, 28:2 పక్కపక్కన పెట్టుకుని హీబ్రూలో చూడండి. పస్కా పండుగ బలికీ, రోజూ అర్పించే నిత్యబలికీ ఒకటే మాట: ‘బెమోఅదో’, అంటే దాని నియమిత కాలంలో. నిత్యబలి, పని చేయకూడని విశ్రాంతి దినాన కూడా ఆగదు (28:10). కాబట్టి పస్కా బలి రోజైన నీసాను నెల 14 విశ్రాంతి దినమైనా పస్కా బలి ఆగదన్నాడు హిల్లేలు. ఇలా ఒకే మాటను బట్టి ఒక వచనంలోని నియమాన్ని ఇంకోదానికి వర్తింపజేయడాన్నే ‘గెజెరా షావా’ అంటారు.

పస్కా మానితే ‘కారేత్’ (ప్రజల్లోంచి కొట్టివేయబడడం) శిక్ష, నిత్యబలికి అది లేదు. చిన్నదే ఆగనప్పుడు పెద్దది ఆగుతుందా అన్నది ఆయన ఇంకో వాదన. అది ‘కల్ వఖోమెర్’, అంటే చిన్నదాన్నిబట్టి పెద్దదాన్ని తేల్చడం. రెండూ కలిపేయకండి.

కల్ వఖోమెర్ ఎవరైనా సొంతంగా కట్టొచ్చు. గెజెరా షావా మాత్రం గురువు దగ్గర విన్నదై ఉండాలి. యెరూషలేము తల్మూదు (యూదు గురువుల చర్చల గ్రంథం) కథనంలో, ఈ ప్రశ్న అడిగిన బెతేరా వంశం వాళ్లు హిల్లేలు వాదనలు ఒప్పుకోలేదు. తన గురువులు షెమయా, అవ్తల్యోన్‌ల దగ్గర విన్నానని ఆయన అన్నాకే ఒప్పుకున్నారు.