ఎర్రనీటిలో మెరుపు ఫ్లైని చేప ఎందుకు ముట్టదు?

ప్రశ్న: మాది కళింగపట్నం. వంశధార మొగ దగ్గర, నది సముద్రంలో కలిసే చోట, ఫ్లై (గేలానికి వెంట్రుకలు, దారాలు కట్టి చేసే దొంగ ఎర) వేసే రాడ్‌తో పండుగప్ప కోసం తిరుగుతుంటాను. వేసవిలో పర్వాలేదు గానీ, వరదొచ్చి ఎర్రనీరు దిగిందంటే ఒక్క చేపా ముట్టదు. కనబడాలి కదా అని ఈసారి గుప్పెడు మెరుపు దారాలు కట్టాను. అయినా అంతే. ఇంకా ఎంత కట్టాలి?

జవాబు: ఇంకా కట్టకండి బాబూ, సగం తీసేయండి. మెరుపు దానంతట అది వెలగదు, వెలుతురు పడితేనే తళుక్కుమంటుంది, ఒండ్రు నిండిన నీళ్లలో కాస్త లోతుకే చీకటైపోతే గుప్పెడు కట్టినా గంపెడు కట్టినా ఒకటే. గాజు జాడీలో మట్టినీళ్లు కలిపి, కిటికీకి ఎదురుగా పెట్టి ఫ్లై వేలాడదీసి చూడండి. నేను చూశాను. వెండి తళుకు కలిసిపోయింది, నల్ల వెంట్రుకలది మాత్రం నీడలా తెలిసింది. కింద నుంచి పైకి చూసే చేపకూ అంతే. పైగా పండుగప్ప కళ్లతోనే వేటాడదు, ఒంటి పక్కనుండే పార్శ్వరేఖతో నీటి కదలికను పసిగడుతుంది. కాబట్టి ముందు ఫ్లైకి నీటిని కదిలించే ఒత్తైన ఒళ్లు, ఆ తర్వాతే మెరుపు.

నేను కట్టేది క్లౌజర్ మిన్నో పద్ధతి. అమెరికాలో బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980ల్లో నదిచేపల కోసం కట్టాడు, తర్వాత సముద్రానికీ పాకింది. 2/0 సైజు స్టీలు గేలం తీసుకోండి. కాడ మీద, తంగూసు కట్టే రంధ్రానికి కొంచెం వెనగ్గా, డంబెల్ ఆకారం సీసపు కళ్లను ఎనిమిది అంకెలా దారం చుట్టి బిగించండి. ఆ బరువుకి గేలం నీళ్లలో తిరగబడి మొన పైకి ఉంటుంది, అడుగున చెత్తకి తగులుకోవడం తగ్గుతుంది. కళ్లున్న వైపు తెల్ల వెంట్రుకలు కొద్దిగా. ఇప్పుడు గేలాన్ని తిప్పి మొన వైపు ఇరవై మెరుపు పోగులు, వాటి మీద నల్ల మేకతోక వెంట్రుకలు బాగా ఒత్తుగా. మాంసం కొట్టులో అడిగితే ఊరికే ఇస్తారు, ఎందుకన్నట్టు చూస్తారు అంతే. షాంపూతో కడిగి నీడన ఆరబెట్టండి, లేకపోతే ఇంట్లో వాళ్లు ఊరుకోరు.

మెరుపుకి రాగి తీగ జరీ వద్దు, ఉప్పునీటికి నల్లబడుతుంది. వినాయక చవితి పందిళ్లలో కట్టే తళుకు దండల ప్లాస్టిక్ పీచు చాలు. పోగుల చివర్లు ఒకేలా కత్తిరించకండి, ఎగుడుదిగుడుగా, వెంట్రుకల కంటే అర అంగుళం పొడుగ్గా ఉంచితేనే అల్లాడతాయి. దారం ముడి మీద నెయిల్ పాలిష్ రెండు పూతలు.

ఇక లాగడం. తేటనీటిలోలా గబగబా కాదు, రెండు చిన్న కుదుపులు, ఒక ఆగుడు, చేపకి వెతుక్కునే టైమ్ ఇవ్వండి. పోటు ఎక్కేటప్పుడు మొగలో ఎర్రనీటికీ సముద్రపు పచ్చనీటికీ మధ్య గీత గీసినట్టు కనబడుతుంది చూడండి, ఫ్లైని పచ్చవైపు వేసి ఎర్రవైపుకి లాగండి.