బండి లెక్క: డీజిలా, గ్యాసా?

ప్రశ్న: నూజివీడు నుంచి విజయవాడకు కూరగాయలు, వేసవిలో మామిడికాయలు తోలుతుంటాను. రానుపోను 90 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. కొత్త బండి కొనాలి. టన్ను మోసే సీఎన్‌జీ పికప్ రోడ్డెక్కేసరికి 9 లక్షల 10 వేలు, 1,300 కిలోలు మోసే డీజిల్ పికప్ 9 లక్షల 55 వేలు అవుతుందన్నారు. మా దగ్గర డీజిల్ 97 రూపాయలు, గ్యాస్ కిలో 93. గ్యాస్ బంకు నా దారికి 6 కిలోమీటర్లు పక్కన ఉంది. గ్యాస్ బండికి ఖర్చు సగమేనంటున్నారు, నిజమేనా? (ఒక పాఠకుడు, నూజివీడు)

జవాబు: సగం కాదు. గ్యాస్ ధర డీజిల్ ధరకు చాలా కింద ఉన్న రోజుల్లో పుట్టిన మాట అది. 2022లో గ్యాస్ రేట్లు బాగా పెరిగాక ఆ తేడా కరిగిపోయింది. మీ అంకెలతోనే లెక్క వేద్దాం.

లోడుతో వెళ్లి ఖాళీగా తిరిగొచ్చే బండికి డీజిల్ లీటరుకు 13 కిలోమీటర్లు, గ్యాస్ కిలోకు 15 కిలోమీటర్లు వేసుకోండి. బ్రోచర్‌లో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది, దాన్ని పట్టుకుని కిస్తీ లెక్క వేసుకోవద్దు. డీజిల్‌కు కిలోమీటరుకు 7 రూపాయల 46 పైసలు, గ్యాస్‌కు 6 రూపాయల 20 పైసలు పడుతుంది. తేడా రూపాయీ పావలా. మీరు నెలకు తిరిగే 2,250 కిలోమీటర్ల మీద గ్యాస్ బండికి మిగిలేది దాదాపు 2,830 రూపాయలు.

ఇందులోంచి బంకు ఖర్చు తీసేయాలి. సిలిండర్లలో 15 కిలోల గ్యాస్ పడుతుందనుకుంటే 225 కిలోమీటర్లు వస్తుంది. అంటే రోజు విడిచి రోజు బంకుకు వెళ్లాలి, నెలకు 13 సార్లు. వెళ్లిన ప్రతిసారీ 12 కిలోమీటర్లు ఊరికే తిరుగుతారు. అది నెలకు 156 కిలోమీటర్లు, 970 రూపాయల దాకా గ్యాస్. ఇక మిగిలింది 1,860. బంకులో క్యూ ఉంటే మీ టైము కూడా పోతుంది. కూరగాయల బండికి తెల్లవారుజామున అరగంట ఆలస్యమైతే మార్కెట్లో ధర ఎంత మారుతుందో మీకు తెలియంది కాదు.

డీజిల్ బండికి 45 వేలు ఎక్కువన్నారు. ఆ సొమ్ముకు పదిన్నర శాతం వడ్డీ మీద నాలుగేళ్ల కిస్తీ నెలకు 1,150 వస్తుంది. రెండూ కలిపితే గ్యాస్ బండి మీకు నెలకు సుమారు 3,000 మిగుల్చుతుంది.

ఇప్పుడు అసలు విషయం, లోడు. ట్రేకు కాయలతో కలిపి 25 కిలోల చొప్పున 40 ట్రేలకే టన్ను నిండిపోతుంది. మామిడి సీజన్‌లో రోజుకు 50 ట్రేలు వస్తే డీజిల్ బండి ఒక్క ట్రిప్పులో లాగేస్తుంది. గ్యాస్ బండికి మిగిలిన పది ట్రేల కోసం ఇంకో ట్రిప్పు కావాలి. 90 కిలోమీటర్లకు గ్యాసే 558 రూపాయలు, కూలీ వేరు. నెలలో అలాంటి ట్రిప్పులు ఆరు పడ్డాయంటే మిగులు మొత్తం ఊడ్చుకుపోతుంది. ఆ పది ట్రేలూ పైన పేర్చుకుని తోలేస్తారు కొందరు. అప్పుడు వెనక కమాను పట్టీలు వంగుతాయి, టైర్లు మధ్యలో బాగానే ఉండి అంచుల్లో అరుగుతాయి, క్లచ్ ప్లేటు ముందే పోతుంది, ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది.

అందుకని పోయిన ఏడాది మీ కాటా చీటీలు తీసి చూడండి. టన్ను దాటిన రోజులు నెలకు సగటున ఐదుకు మించితే డీజిల్ తీసుకోండి. మించకపోతే గ్యాస్ బండే మేలు.

ఈ లెక్కలో సర్వీసింగ్ కలపలేదు, ఎందుకంటే రెండింటికీ పెద్దగా తేడా రాదు. డీజిల్‌కు ఫ్యూయల్ ఫిల్టర్, ఎక్కువ ఆయిల్. గ్యాస్‌కు స్పార్క్ ప్లగ్గులు, కాయిల్, గ్యాస్ ఫిల్టర్, సిలిండర్ పరీక్ష. గ్యాస్ అంటుకోవడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే ప్లగ్గులు త్వరగా అరుగుతాయి. గడువు దాటాక కూడా వాటినే నడిపితే ముందు లోడు మీద జర్కులు వస్తాయి, తర్వాత కాయిల్ కాలిపోతుంది. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం బండి మొత్తం బరువును బట్టి ఉంటుంది. 7,500 కిలోల లోపు నాలుగు చక్రాల సరుకు బండ్లకు దాదాపు ఒకటే రేటు, డీజిలైనా గ్యాసైనా సరే.

ప్రశ్న: హైదరాబాద్‌లో మంచినీళ్ల క్యాన్లు వేసే బీఎస్-6 డీజిల్ బండి నాది. కాలనీల్లోనే రోజుకు 25 కిలోమీటర్లు. నెలకోసారి డీపీఎఫ్ లైటు వెలుగుతోంది, పికప్ తగ్గుతోంది. ఫిల్టర్ లోపలిది తీసేయిస్తే సరిపోతుందని ఒక మెకానిక్ అన్నాడు. (ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: దయచేసి తీయించవద్దు. బండి పాడవలేదు, అది నడిచే తీరు దానికి సరిపడటం లేదు, అంతే.

డీపీఎఫ్ అంటే సైలెన్సర్ దారిలో ఉండే జల్లెడ. పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. మసి కొంత పేరుకున్నాక ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లి, పొగ వేడిని 600 డిగ్రీల దగ్గరకు తెచ్చి దాన్ని కాల్చేస్తుంది. దీనికి బండి ఆగకుండా ఒక వేగం మీద కాసేపు నడవాలి. మీరు ప్రతి ఇంటి దగ్గరా ఆపి, ఇంజిన్ కట్టేసి, క్యాను దించి మళ్లీ స్టార్ట్ చేస్తారు. కాల్చడం మొదలై సగంలో ఆగిపోతుంది. కాలని డీజిల్ పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్ సంపులోకి దిగుతుంది.

రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పుల్ల తీసి చూడండి. మట్టం పై గీత దాటి ఉండి, ఆయిల్ పలుచబడి, డీజిల్ వాసన వస్తుంటే బండి నడపకుండా ముందు ఆయిల్ మార్పించండి. పలుచని ఆయిల్‌తో టర్బో బేరింగులు దెబ్బతింటాయి. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. డీపీఎఫ్ బండికి యాష్ (బూడిద) తక్కువ ఉండే ఆయిల్ కావాలి. మసి కాలుతుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

డీపీఎఫ్ లైటు ఒక్కటే నిలకడగా వెలుగుతుంటే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఒక గేరు తగ్గించి, ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం పైన ఉండేలా 20 నుంచి 30 నిమిషాలు ఆపకుండా నడపండి. లైటు ఆరేదాకా ఇంజిన్ కట్టవద్దు. వారానికోసారి ఇలా తిప్పితే చాలావరకు సమస్య రాదు. లైటు మిణుకుతున్నా, చెక్ ఇంజిన్ లైటు కూడా వచ్చినా రోడ్డు మీద ప్రయత్నించవద్దు, సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి కాల్పించాలి. రింగ్ రోడ్డు దిగాక బండిని ఎండు గడ్డి మీద మాత్రం ఆపకండి, సైలెన్సర్ అప్పుడు నిప్పులా ఉంటుంది.

జల్లెడ తీయిస్తే దాని ముందూ వెనకా పీడనం కొలిచే సెన్సర్ తేడా పట్టేసి బండిని ఈడ్చుకుంటూ నడిపిస్తుంది. ఫిట్‌నెస్ దగ్గర కూడా పట్టుబడవచ్చు. ఈసారి బండి మార్చేటప్పుడు గ్యాస్ బండి చూడండి. మీలాంటి కాలనీ తిరుగుడుకు డీజిల్ పనికిరాదు.

ప్రశ్న: మా డీజిల్ బండికి డీఈఎఫ్ ట్యాంకు ఉంది. అది యూరియా నీళ్లేనట కదా, పొలానికి తెచ్చిన యూరియా కలిపి పోస్తే డబ్బు మిగలదా? (ఒక రైతు, సిద్దిపేట జిల్లా)

జవాబు: డీఈఎఫ్ అంటే డీజిల్ పొగను శుద్ధి చేయడానికి వాడే ద్రవం. అందులో 32.5 శాతం యూరియా, మిగతా అంతా ఖనిజాలు తీసేసిన నీరు. ఆ యూరియా చాలా శుద్ధమైనది. 2015 నుంచి మన దగ్గర పొలానికి అమ్మే యూరియా చాలావరకు వేపనూనె పూసినదే. ఆ నూనె, బోరు నీళ్లలోని సున్నం ఇంజెక్టర్ రంధ్రాన్ని తెల్లగా గట్టిపడి మూసేస్తాయి, తర్వాత పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ పోతుంది. దాని ఖరీదు ముందు మీకు మిగిలేది చిల్లర. పైగా సబ్సిడీ యూరియాను వేరే పనికి వాడటం నేరం. సీలు ఉన్న డబ్బా కొని, ఎండ తగలని చోట పెట్టి, విడి గరాటుతో పోయండి. డీజిల్ పోసిన గరాటు వాడవద్దు.

ప్రశ్న: పాడేరు ఘాట్ మీద అల్లం, పసుపు దించుతాను. దారిలో గ్యాస్ బంకు లేదు. గ్యాస్ బండి పెట్రోల్ మీద కూడా నడుస్తుంది కదా, తీసుకోవచ్చా? (ఒక పాఠకుడు, పాడేరు)

జవాబు: వద్దు, డీజిలే తీసుకోండి. కొన్ని గ్యాస్ బండ్లలో పెట్రోల్ ట్యాంకు 5 లీటర్లే, బంకు దాకా చేరడానికి పెట్టింది. గ్యాస్ మీద నడిచేటప్పుడు ఇంజిన్ సిలిండర్‌లో గాలికి చోటు తగ్గి బలం కూడా తగ్గుతుంది. మలుపు దగ్గర లోడుతో మొదటి గేరులో క్లచ్ సగం నొక్కి ఎక్కించాల్సి వస్తుంది. దిగేటప్పుడు ఏ బండైనా ఎక్కిన గేరులోనే దిగండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ గ్యాస్ బండి కొంటున్నాను. ఏం చూడాలి? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ముందు గ్యాస్ సిలిండర్ చూడండి. మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి, ఆ తేదీ గ్యాస్ నింపే చోట ఉండే ప్లేటు మీద ఉంటుంది. గడువు దాటితే బంకులో గ్యాస్ కొట్టరు. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. సిలిండర్ మీద గుద్దినట్టు సొట్ట, పట్టీల కింద తుప్పు ఉంటే బేరమే వద్దు, లోపల 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. తర్వాత చల్లటి ఇంజిన్‌ను పెట్రోల్ మీద స్టార్ట్ చేయించండి. పెట్రోల్ వాడకుండా నెలల తరబడి వదిలేసిన బండ్లలో ఇంజెక్టర్లు జిగురుపట్టి ఉంటాయి. గ్యాస్ పొడిగా మండటం వల్ల వాల్వ్ సీట్లు అరుగుతాయి కాబట్టి మెకానిక్‌తో కంప్రెషన్ కూడా చూపించండి. మైలేజీ చూడాలంటే చల్లటి పూట నింపించి, రసీదులో కిలోలు రాసుకుని, మళ్లీ అదే బంకులో అదే వేళకు నింపించండి. మధ్యాహ్నం ఎండలో నింపితే సిలిండర్ వేడెక్కి గ్యాస్ తక్కువ పడుతుంది, లెక్క తప్పుతుంది.