చెవి కాదు, చెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. తాతగారి చావు ఘట్టం బాగుంది. కానీ రెండో పేజీకే నాకు ఒళ్లు మండింది. "కర్ణం అంటే చెవి. ఊళ్లో మాటలన్నీ వినేవాళ్లు కాబట్టి మా ఇంటిపేరు కరణం" అని రాశావు. ఎవరు చెప్పారు నీకు?

సంస్కృతంలో కరణం అంటే చేయడం. రాతపత్రం, రాసేవాడు అనే అర్థాలూ ఉన్నాయి. ఒడిశాలో లేఖకవృత్తివాళ్లను ఇప్పటికీ కరణ అనే అంటారు. మనవాళ్ల నోట్లో నడిమి అచ్చు ఎగిరిపోయి కర్నం అయింది, దాన్ని చదువుకున్నవాళ్లు కర్ణమని దిద్దారు. చెవి అక్కడ దూరింది. ఊరి భూముల లెక్కలు రాసే ఈ కరణం పనే తెలంగాణలో చేసినవాడు పట్వారీ. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల పేర్లే. పని నుంచి పుట్టిన పేరు చేతిలో ఉంటే, ఆ పని చూపించకుండా మాటతో ఆడుకుంటావా?

మా తాత కరణం. గోడవారన రాతబల్ల, గుడ్డలో చుట్టిన అడంగల్ కట్టలు. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, సాగుదారు పేరు, అన్నీ గడి దాటని సన్నటి అక్షరాలు. సెంటు తేడా వచ్చిందంటే కొలత గొలుసు పట్టించి మళ్లీ చేలోకి నడిచేవాడు. కుడిచేతి మధ్యవేలు మీద కలం ఒత్తుకుని కాయ కాసి ఉండేది. 1984 జనవరిలో ప్రభుత్వం కరణం, మునసబు వంటి గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. కట్టలు అప్పగించి వచ్చిన సాయంత్రం ఖాళీ బల్ల ముందు కూర్చుని సిరాబుడ్డి మూత బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు.

ఇది నా మొదటి కథ. అందులో ఊరి లెక్కల పుస్తకాన్ని చెప్పే 'కవిలె' అన్న మాటను ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేసి 'రికార్డు' అని వేశాడు. పాఠకులకు తెలియదట! కంపెనీ కాలపు సర్వే అధికారి మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించుకున్నది ఆ కవిలెలు చూసే కదా. తొమ్మిదేళ్లు ఆ పత్రికకు కథ పంపలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఇంకొకటి. కరణం సాటి కరణాన్ని నమ్మినా చావేనని శతకపద్యమే ఉంది. ఒక గడిలో పేరు మారితే ఒక ఇంటి పొలం పోయేది. మా తాత అంటే భయపడి మా అరుగు ఎక్కనివాళ్లను నేను చూశాను. నీ కథలో తాత అందరికీ దేవుడే.

పబ్లిషర్ల సంగతి ఇప్పుడొద్దు. మీ నాయనమ్మ ఉందన్నావుగా, వెళ్లి పక్కన కూర్చో. రాత్రిపూట మీ తలుపు తట్టినవాళ్లు ఎవరో, చేతిలో ఏం పట్టుకుని వచ్చేవాళ్లో అడుగు. ఆ రెండో పేజీ తిరగరాసి పంపు, వెంటనే చదువుతాను.