మస్టాంగ్ నా చేతికిచ్చి, నా ఫియస్టా తాళం తిరిగివ్వని తమ్ముడు

పోర్షే 718 కేమన్, ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, బీఎండబ్ల్యూ జెడ్4 అనే మూడు స్పోర్ట్స్ కార్లలో మలుపుల్లో పట్టు, ఇంజను శబ్దం, నడపడంలో ఆనందం దేనికి ఎక్కువ అని అడిగారు. కేమన్‌కే. అందులోనూ టర్బో (పొగ ఒత్తిడితో ఇంజనులోకి గాలిని ఎక్కువగా తోసే పరికరం) లేని ఆరు సిలిండర్ల కేమన్ అయితేనే. విశాఖ బీచ్ రోడ్డులో ఒకసారి కేమన్ పక్క సీట్లో కూర్చున్నాను, తీర్పు చెప్పడానికి నాకు అది చాలు. మస్టాంగ్‌ను మాత్రం స్వయంగా నడిపాను, అదీ మా కొరాపుట్ ఘాట్‌లో.

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడ. మా పిన్ని కొడుకు విశాఖలో వ్యాపారం చేస్తాడు. ఎవరో వాడిన మస్టాంగ్ కొన్నాడు. 5 లీటర్ల వీ8 ఇంజను, అంటే వీ ఆకారంలో రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లు, 401 హార్స్‌పవర్. 2016లో మన దేశానికి వచ్చినప్పుడు దాని షోరూము ధరే 65 లక్షలు. అది చూపించుకోవడానికే మా ఇంటికి వచ్చాడని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. తిరుగు ప్రయాణం నాడు, "అన్నయ్యా, సాలూరు దాకా ఇది నువ్వు నడుపు, నీ బండిలో నేను వెనకాల వస్తాను" అన్నాడు. నాది పాత ఫోర్డ్ ఫియస్టా 1.6 ఎస్. వంద హార్స్‌పవర్‌కు అటూ ఇటూ.

సెమిలిగుడ, పొట్టంగి దాటేవరకు నేను మహారాజును. రోడ్డు పక్కన పిల్లలు చేతులూపారు. ఘాట్ దిగడం మొదలయ్యాక కథ మారింది. బానెట్ ఎంత పొడవంటే, పదునైన మలుపులో రోడ్డు దాని వెనక మాయమవుతుంది. వెడల్పు 1.9 మీటర్లు. ఎదురుగా లోడు లారీ పైకెక్కుతూ వస్తే దానికి తన సగంతోపాటు మన సగం కూడా కావాలి. నేను కొండ వైపు ఒదిగి ఆగిపోయాను. లారీ వెళ్లాక కాలు నొక్కితే వెన్ను సీటుకు అతుక్కుంది, అంతలోనే బ్రేకు, మళ్లీ మలుపు. 401లో నేను వాడుకున్నది ఏ యాభయ్యో ఉంటుంది. అద్దంలో చూస్తే నా ఫియస్టా ఒక్క బారు కూడా వెనకబడలేదు.

కిందికి దిగాక ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. తమ్ముడు చొక్కా తడిసిపోయి, నవ్వుకుంటూ దిగాడు. "రెండో గేరులో ఇంజన్ను నిమిషానికి ఆరు వేల చుట్ల దాకా తిప్పాను అన్నయ్యా, ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు!" అన్నాడు. రెండో టీ అయ్యేదాకా తాళం జేబులోంచి తీయలేదు.

శబ్దం విషయంలో మస్టాంగ్‌ను తక్కువ చేయను. ఆ వీ8లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పిన్నులు 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. అందువల్ల ఒక్కో వరుసలోని నాలుగు సిలిండర్లు సమాన వ్యవధిలో మండవు. ఆ ఎగుడుదిగుడే గుడగుడమని వినిపిస్తుంది, కొండకు తగిలి రెట్టింపవుతుంది. ఫెరారీ వీ8లో ఆ కోణం 180 డిగ్రీలు, అందుకే అది కేక వేస్తుంది. కేమన్‌కు 2016లో ఆరు సిలిండర్లు తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. అభిమానులు గోల పెట్టారు, పెట్టరా మరి! 2019లో జీటీ4తో ఆరు సిలిండర్లు తిరిగొచ్చాయి, 2020లో జీటీఎస్ 4.0 అనే కేమన్‌కూ వచ్చాయి. జీటీఎస్‌ది 400 హార్స్‌పవర్, నిమిషానికి 7,800 చుట్ల దాకా తిరుగుతుంది. పైగా ఇంజను మన వీపుకూ వెనక చక్రాలకూ మధ్యన ఉంటుంది. బరువంతా నడుమ ఉండటంతో స్టీరింగ్ కదపగానే ముక్కు తిరుగుతుంది. జెడ్4లోని ఆరు సిలిండర్ల వరుస ఇంజను నున్నగా తిరుగుతుంది, కాదనను. కానీ పొగ వెళ్లే దారిలో టర్బో కూర్చుంటే గొంతు సగం అక్కడే నొక్కుకుపోతుంది.

ఇంకో అన్యాయం ఉంది. 2011 నాటి బీఎండబ్ల్యూ ఎం5 నుంచీ కొన్ని కార్లలో ఇంజను శబ్దాన్ని లోపలి స్పీకర్లలో వినిపిస్తున్నారు. కచేరీకి టికెట్టు కొని వెళితే గాయకుడు టేపు పెట్టి పెదవులు కదిపినట్టుంటుంది. మా ఊళ్లో మిగ్, సుఖోయ్ విమానాల ఇంజన్లు తయారవుతాయి. మా నాన్నగారు ఆ కర్మాగారంలోనే పనిచేశారు. వీధిలో వెళ్లే లారీ శబ్దం విని ఏ సిలిండరు మండడం లేదో చెప్పేవారు. ఆయనకు స్పీకరు శబ్దం వినిపిస్తే బండి దిగి నడిచి వెళ్లిపోయేవారు. ఇక మా జిల్లాలోని జైపూర్‌లో సైలెన్సర్లు కోయించుకుని రాత్రి పదకొండింటికి తిరిగే కుర్రాళ్ల గురించి రాయకపోవడమే మంచిది.

కొత్త బండ్లలో స్టీరింగ్‌కు విద్యుత్ మోటారు సాయం. తేలికగా తిరుగుతుంది, కింద కంకర ఉందో తడి ఉందో చేతికి చెప్పదు. నా ఫియస్టాలో నూనె ఒత్తిడితో పనిచేసే పాత పద్ధతి. చక్రం గతుకులో పడితే వేళ్లకు తెలుస్తుంది. ఏ ధరలోనైనా నేను ముందు చూసేది అదే.

డబ్బుంటే జీటీఎస్ 4.0 వెతకండి. లేకపోతే టర్బో లేని, తేలికైన, చేతి గేర్ల పాత బండి తీసుకుని, మిగిలిన డబ్బులో మంచి టైర్లు వేయించండి. ఏది చూసినా షోరూము ముందున్న నున్నటి రోడ్డు మీద నడిపి డబ్బు కట్టకండి. మీ వీధిలోని స్పీడ్‌బ్రేకర్ల మీదుగా ఇంటిదాకా తీసుకెళ్లి చూడండి. మా వీధిలో మునిసిపాలిటీ వేసినవి రెండు, జనం వేసుకున్నవి నాలుగు. ఆ నాలుగూ దాటేసరికి మస్టాంగ్ కడుపు రెండుసార్లు నేలకు తగిలింది, తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.