మత్తు డాక్టరుకు పేరు రాదు, మరి పని?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ అయ్యి హౌస్ సర్జన్సీ చేస్తోంది. పీజీలో అనస్థీషియా తీసుకుంటానంటోంది. హై రిస్క్ పేషెంట్లను ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చూసుకోవడం తనకిష్టమట. బంధువులేమో మత్తు డాక్టరుకు పేరెక్కడుంటుంది అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: పేరు విషయంలో మీ బంధువులు చెప్పింది నిజమేనమ్మా. ఆపరేషన్ బాగా జరిగితే స్వీట్ల డబ్బా సర్జన్ గారి గదికే వెళ్తుంది. పేరు కావాలనుకునే పిల్లకైతే నేనూ వద్దనే చెబుతాను. కానీ మీ అమ్మాయి పేరు అడగడం లేదు, ఒక పని అడుగుతోంది.

ఆ పనేమిటో చూడండి. డెబ్భై ఐదేళ్ల పెద్దాయన జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. షుగర్ ఉంది, కిడ్నీ అంతంతమాత్రం, గుండెలో స్టెంట్, దానికోసం రక్తం పలచబడే మాత్ర. మాత్ర ప్రభావం ఉండగా వెన్నులో మత్తు ఇస్తే అక్కడ రక్తస్రావం భయం. అది తగ్గేదాకా ఆగుదామంటే, మంచం మీద గడిచే ప్రతి రోజూ న్యుమోనియా వైపు నెడుతుంది. ఎప్పుడు చేయాలి, ఏ మత్తు ఇవ్వాలి, ఆ రాత్రి వార్డు చాలా, ఐసీయూ కావాలా? సర్జన్‌తో, గుండె డాక్టరుతో మాట్లాడి ఇవన్నీ తేల్చే మనిషి ఒకరుండాలి.

2006లో వచ్చిన ఒక బ్రిటన్ అధ్యయనంలో ఆపరేషన్లలో హై రిస్క్‌వి 12.5 శాతమే, చనిపోయినవాళ్లలో మాత్రం 80 శాతానికి పైగా వాళ్లే. 2012లో 28 యూరప్ దేశాల లెక్క తీస్తే, ఆపరేషన్ తర్వాత చనిపోయినవాళ్లలో 73 శాతం మందిని అసలు ఐసీయూలోనే చేర్చలేదు. డబ్బున్న దేశాల పరిస్థితే అది.

మన దగ్గర దారి ఇదీ: నీట్ పీజీతో ఎండీ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ అనస్థీషియా మూడేళ్లు. తర్వాత ఓపిక ఉంటే క్రిటికల్ కేర్‌లో, అంటే ఐసీయూ వైద్యంలో, డీఎం అనే పై కోర్సు ఇంకో మూడేళ్లు.

కాలేజీ ఎంపికలో మాత్రం జాగ్రత్త. ఆపరేషన్‌కు ముందు పరీక్షించే పీఏసీ ఓపీలో సీనియర్లు కూర్చుంటారా, లేక పీజీ ఒక్కరే 'ఫిట్ ఫర్ సర్జరీ' అని రాసి పంపేస్తారా? ఐసీయూ అనస్థీషియా విభాగం చేతిలో ఉందా? అక్కడి పీజీలను అడిగితే అయిదు నిమిషాల్లో చెప్పేస్తారు. కడుపు ఎమర్జెన్సీలు, ప్రసవాల కేసులు ఎక్కువగా వచ్చే పాత ప్రభుత్వ ఆసుపత్రులను చిన్నచూపు చూడొద్దు. చేయి తిరిగేది అక్కడే.

మొదటి ఉద్యోగం గురించి కూడా ఇప్పుడే చెబుతాను. కేసుకింత అని నర్సింగ్ హోమ్‌ల చుట్టూ తిరిగితే డబ్బు త్వరగా కళ్లచూడొచ్చు. కానీ పేషెంటును చాలాసార్లు టేబుల్ మీదే మొదటిసారి చూస్తారు. మీ అమ్మాయికి ఇష్టమైన పని అక్కడ దొరకదు. మొదటి కొన్నేళ్లు ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రిలో ఉండమనండి. రాత్రి డ్యూటీల టెన్షన్ తప్పదు, ఇంట్లో అందరూ దానికి సిద్ధపడాలి.

నిర్ణయానికి ముందు ఒక పని చేయించండి. హౌస్ సర్జన్సీలో అనస్థీషియా పోస్టింగ్ వచ్చినప్పుడు, థియేటర్‌తో సరిపెట్టుకోకుండా పీఏసీ ఓపీలో కూర్చోమనండి. అక్కడ చూసిన హై రిస్క్ పేషెంటును ఆపరేషన్ అయిన మూడో రోజు వార్డుకు వెళ్లి మళ్లీ చూడమనండి. ఇలా నలుగురైదుగురిని చూశాక కూడా ఇదే కావాలంటే, కౌన్సెలింగ్‌లో అనస్థీషియానే ముందు పెట్టుకోనివ్వండి.